అమ్మ మోకాలికి పీఆర్‌పీ వేయించాం, ఏం జరిగిందంటే

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ దగ్గర ఎవరు కనపడినా ఇదే ప్రశ్న. "అమ్మగారికి ఆ రక్తం ఇంజెక్షన్ వేయించారంట కదా, పని చేసిందా?" ఆ ఇంజెక్షన్ పేరే పీఆర్‌పీ, అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా, మన రక్తంలోని ప్లేట్‌లెట్లనే చిక్కగా చేసి ఎక్కించేది. పని చేసింది అంటే అబద్ధం కాదు, కానీ పూర్తి నిజం కూడా కాదు. నాలుగో ఫ్లోర్ వచ్చేలోపు చెప్పేంత చిన్న విషయమూ కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు. బెంగళూరు మారతహళ్లిలో ఐటీ ఉద్యోగం చేసుకునే మనిషిని. కాకపోతే ఈ ఏడాదంతా అమ్మ పక్కనే కూర్చుని చూశాను, దొరికినంత చదివాను, డాక్టర్‌ని విసిగించి మరీ అడిగాను.

అమ్మకి 61 ఏళ్ళు. ఉండేది హిందూపురంలో. పాతికేళ్ళకు పైగా కాలితో తొక్కే మిషన్ మీద జాకెట్లు కుట్టింది, ఇప్పటికీ కుడుతుంది. రెండేళ్ళ కిందట కుడి మోకాలు మొదలైంది. పొద్దున లేవగానే పావుగంట బిగుసుకుపోయేది, తర్వాత కొంచెం వదిలేది. మెట్లు ఎక్కడం ఎలాగో ఎక్కేది గానీ దిగడమే నరకం. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి, పక్కకి తిరిగి దిగేది. కింద కూర్చుని పూజ చేసుకోవడం మానేసి స్టూల్ వేసుకుంది. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుని వేసుకుంటోందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, రోజుకి రెండు, ఒక్కోరోజు మూడు. అది తెలిసిన రోజే బెంగళూరు తీసుకొచ్చేశాను.

ఎక్స్‌రే తీస్తే "గుజ్జు అరిగింది, గ్రేడ్ 2" అన్నారు. 0 నుంచి 4 దాకా ఉండే ఈ గ్రేడింగ్ 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు పెట్టింది. ఇప్పటికీ అదే వాడుతున్నారు. 4 అంటే రెండు ఎముకల మధ్య సందు దాదాపు పోయినట్టు.

ఇక్కడ ఆ "గుజ్జు" అనే మాట గురించి ఒకటి చెప్పాలి. మనం గుజ్జు అనగానే మామిడిపండు గుజ్జులా మెత్తగా, కారిపోయేలా, అయిపోతే మళ్ళీ నింపుకోగలిగేలా ఊహించుకుంటాం. నిజానికి అది ఎముకల చివర్ల మీద గట్టిగా, నున్నగా అంటుకుని ఉండే పొర. దానికి రక్తనాళాలు లేవు. అందుకే చర్మం తెగితే మానినట్టు అది మానదు. ఇంట్లో అందరం "గుజ్జు నింపే ఇంజెక్షన్" అనుకుంటూ తిరిగాం. ఆ మాట మనల్ని ఎంత దూరం తీసుకెళ్తుందో మొదటి క్లినిక్‌లో అర్థమైంది.

అవుటర్ రింగ్ రోడ్ పక్కన ఉన్న క్లినిక్ అది. పేరు రాయను. బయట పెద్ద బోర్డు, లోపల ఏసీ. ఎదురుగా కూర్చున్న ఆయన ఎక్స్‌రేని కిటికీ వైపు పెట్టి చూసి, అమ్మ మోకాలు ముట్టుకోకుండానే ఆరు ఇంజెక్షన్ల ప్యాకేజీ చెప్పారు. 90 వేలు, ఈరోజే కడితే తగ్గింపు. "కొత్త గుజ్జు పుడుతుందమ్మా, ఆపరేషన్ అవసరమే రాదు" అన్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా "ఇంత దుడ్డు ఎందుకు పాపా, ఊరికి పోదాం పద" అంది. నాకైతే ఒళ్ళు మండిపోయింది. నొప్పితో వచ్చిన మనిషిని కనీసం నాలుగడుగులు నడిపించి చూడకుండా ఆశ అమ్మడం ఏమిటి? బయటికి వచ్చేశాం.

రెండో డాక్టర్ ఆఫీసులో తెలిసినవాళ్ళ ద్వారా దొరికారు. కన్నడ యాసలో తెలుగు మాట్లాడతారు. అమ్మని నడిపించారు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమన్నారు, మోకాలు వంచి చాచి చూశారు, తొడ కండ నొక్కి చూసి "ఇక్కడ బలమే లేదు కదమ్మా, మోకాలు ఒక్కటే ఎంతకని మోస్తుంది" అన్నారు. పీఆర్‌పీ గురించి మేం అడిగితే ఆయన చెప్పింది ఒక్కటే. "నొప్పి తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. గుజ్జు మాత్రం మళ్ళీ రాదు. అది ఒప్పుకుంటే వేస్తాను." గ్రేడ్ 2, 3 వాళ్ళకి కొంత ఉపయోగం చూస్తున్నానని, కాళ్ళు దొడ్డికాళ్ళయిపోయి గ్రేడ్ 4కి చేరినవాళ్ళకి డబ్బు దండగ అని, వాళ్ళకి మోకాలు మార్పిడే సరైన దారని చెప్పి, మమ్మల్ని మాత్రం ముందు ఆరు వారాలు వ్యాయామం చేసి రమ్మని పంపేశారు. వచ్చిన పేషెంట్‌ని అలా తిప్పి పంపిన డాక్టర్‌ని నేను అదే చూడటం. నమ్మకం అక్కడే కుదిరింది.

ఆరు వారాలయ్యాక కొంచెం మెరుగు, కానీ చాలదు. సరే వేయిద్దాం అనుకున్నాం.

అసలు ఇందులో ఏం చేస్తారంటే, ప్లేట్‌లెట్లు అనగానే మనకి గుర్తొచ్చేది డెంగ్యూ. అమ్మ కూడా "నాకేమన్నా ప్లేట్‌లెట్లు పడిపోయినాయా?" అని కంగారు పడింది. కాదు. రక్తంలో ఒక మైక్రోలీటర్‌కి మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉంటాయి. రక్తం గడ్డకట్టించడం వాటి పని అని చదువుకున్నాం, కానీ దెబ్బ తగిలిన చోటికి చేరి, తమలో దాచుకున్న కొన్ని ప్రొటీన్లని అక్కడ వదలడం కూడా వాటి పనే. మరమ్మతు మొదలుపెట్టమని చుట్టూ ఉన్న కణాలకి కబురు పంపేవి ఆ ప్రొటీన్లే. వాటినే గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. మన రక్తమే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు మామూలు కన్నా మూడు నుంచి అయిదు రెట్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ, చిక్కగా చేసి నొప్పి ఉన్న చోట ఎక్కిస్తే వాపు, మంట సద్దుమణుగుతాయని ఆలోచన. డెంగ్యూలో ఎక్కించే ప్లేట్‌లెట్లు ఇంకొకరివి, ఇవి మనవే. కాబట్టి పడకపోవడం, గ్రూపు కలవడం లాంటి గొడవ లేదు.

సంక్రాంతి అయ్యాక తేదీ ఇచ్చారు. పది రోజుల ముందు నుంచి నొప్పి మాత్రలు పూర్తిగా బంద్. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఈ రకం ఏదీ వద్దన్నారు, ఎందుకంటే అవి ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకుంటాయి. మనం మొదలవ్వాలని కోరుకుంటున్న ఆ ప్రక్రియనే అణిచేస్తాయి. తట్టుకోలేకపోతే పారాసిటమాల్ ఒక్కటే. ఇక్కడ జాగ్రత్త. కాంబినేషన్ మాత్రల్లో పారాసిటమాల్ పేరు పెద్దగా కనపడుతుంది, పక్కనే ఎసిక్లోఫెనాక్ చిన్నక్షరాల్లో ఉంటుంది. అమ్మ సంచిలో దొరికింది అదే. ఇంకో ముఖ్యమైన సంగతి, గుండెకో పక్షవాతానికో ఆస్పిరిన్, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు వాటిని సొంతంగా ఆపేయకూడదు. రాసిన డాక్టర్‌ని అడగకుండా ఒక్క రోజు కూడా ఆపొద్దు. మోకాలి నొప్పి కోసం గుండె మీదికి తెచ్చుకోవడం ఎందుకు?

ముందే రక్తపరీక్ష చేశారు, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్ కౌంట్, షుగర్. పరగడుపున రానక్కర్లేదు, తిని, బాగా నీళ్ళు తాగి రమ్మన్నారు. ఇడ్లీ తినిపించి తీసుకెళ్ళాను.

చేతి నుంచి 30 మి.లీ. రక్తం తీశారు. సిరంజి చూసి అమ్మ మొహం మాడిపోయింది, "ఇంత తీస్తే నీరసం రాదా?" అని. రక్తదానంలో 350 మి.లీ. తీస్తారు, ఇది రెండు పెద్ద చెంచాలంత అంతే. గడ్డకట్టకుండా మందు కలిపిన ట్యూబుల్లో పోసి సెంట్రిఫ్యూజ్‌లో పెట్టారు. ఇడ్లీ కుక్కరంత యంత్రం, మూత వేసి నొక్కితే సన్నగా ఈలలాంటి చప్పుడు మొదలై పెరుగుతూ పోయింది. మొదటి తిప్పుడు అయ్యాక టెక్నీషియన్ ఒక ట్యూబు పైకెత్తి మాకు చూపించారు. ఆ దృశ్యం నాకు బాగా గుర్తుండిపోయింది. అడుగున ముదురు ఎరుపు, పైన కరిగిన నెయ్యి రంగులో తేటగా ప్లాస్మా, ఆ రెండింటికీ మధ్య పాల మీద మీగడలాగా సన్నటి తెల్లటి గీత. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వంగి చూసి "ఇది నాదేనా?" అంది. ఆ పసుపు భాగాన్ని మళ్ళీ ఒకసారి తిప్పి, పైన పలచగా ఉన్నది తీసేసి, చివరికి 5 మి.లీ. మిగిల్చారు. కీలు లోపలికి వేసేటప్పుడు తెల్లకణాలు తక్కువ ఉండేలా చూస్తామని, అవి ఎక్కువైతే వాపు పెరగొచ్చని డాక్టర్ చెప్పారు. ఇదంతా అరగంట పని.

ఇంజెక్షన్ రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మోకాలు శుభ్రంగా తుడిచి, చర్మానికి మాత్రం మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ సూది లోపలికి పంపారు. చూడకుండా వేస్తే సూది కీలులో కాక పక్కన కొవ్వులోకి పోయే అవకాశం ఉంటుంది కాబట్టి, వీలైతే అల్ట్రాసౌండ్ ఉన్నచోటే వేయించుకోండి. సూది నొప్పి కన్నా లోపల బిగుతుగా, గాలి కొట్టినట్టు అనిపించిందని అమ్మ చెప్పింది. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి పంపేశారు. ఆటోలో ఇంటికి వచ్చాం.

ఇప్పుడు ఎవరూ సరిగ్గా చెప్పని భాగం. ఆ రాత్రి నొప్పి తగ్గలేదు, పెరిగింది. బాగా పెరిగింది. మర్నాటికి మోకాలు ఉబ్బి, బాత్రూమ్‌కి వెళ్ళడానికి నేను పట్టుకోవాల్సి వచ్చింది. ముందే చెప్పినా కూడా నాకు టెన్షన్ ఆగలేదు, రాత్రి పదకొండింటికి డాక్టర్‌కి మెసేజ్ పెట్టాను. రెండు మూడు రోజులు, కొందరికి వారం దాకా ఇలా ఉండటం మామూలేనట, లోపల కావాలని రేపిన వాపు కాబట్టి. గుడ్డలో చుట్టిన ఐస్ పావుగంట చొప్పున పెట్టాం, పారాసిటమాల్ వేశాం. నొప్పి మాత్రలు ఇంకో రెండు వారాలు వద్దన్నారు. మూడో రోజు సాయంత్రానికి దానంతటదే దిగింది. కానీ జ్వరం వచ్చినా, మోకాలు ఎర్రగా కాలిపోతున్నట్టున్నా, రోజురోజుకీ తగ్గాల్సింది పెరుగుతున్నా అది ఇన్ఫెక్షన్ కావచ్చు. అరుదే, కానీ వస్తే కీలు పాడైపోతుంది. అప్పుడు ఐస్ పెట్టుకుంటూ కూర్చోకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

రెండు రోజులు ఇంట్లోనే అటూ ఇటూ నడక, వారం తర్వాత మళ్ళీ వ్యాయామం. మూడు వారాలైనా ఏ తేడా లేదు. అమ్మ మొహం చూడలేకపోయేదాన్ని, ఫోన్‌లో మా పిన్నితో "వేసింది పోయింది, ఏం లేదులే" అని చెబుతుంటే వినపడేది. స్టెరాయిడ్ సూదిలా ఇది రెండు రోజుల్లో హాయినిచ్చేది కాదు. స్టెరాయిడ్ త్వరగా పనిచేస్తుంది, కానీ ఆ హాయి కొన్ని వారాలే, షుగర్ ఉన్నవాళ్ళకి షుగర్ పెరుగుతుంది. పైగా 140 మంది మీద రెండేళ్ళు చేసి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మూడు నెలలకోసారి స్టెరాయిడ్ వేయించుకున్నవాళ్ళకి ఉత్త సెలైన్, అంటే ఉప్పునీళ్ళు, వేయించుకున్నవాళ్ళకంటే గుజ్జు ఎక్కువ అరిగింది, నొప్పిలో మాత్రం తేడా లేదు. అందుకే మా డాక్టర్ స్టెరాయిడ్ వద్దన్నారు. పీఆర్‌పీకి తేడా తెలియాలంటే నెలా నెలన్నర ఆగాలి, అసలు ఫలితం మూడు నుంచి ఆరు నెలల మధ్య.

శివరాత్రి నాడు మొదటిసారి గమనించాను. గుడి మెట్లు దిగుతూ అమ్మ గోడ పట్టుకోలేదు. తనకి ఆ సంగతి తెలియనే లేదు, నేనూ అక్కడ అనలేదు. ఉగాదికి హిందూపురం వెళ్ళేసరికి అడుగు మార్చి అడుగు వేసుకుంటూ దిగుతోంది. నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తావమ్మా అంటే ముందు 7 అనేది, ఉగాదికి 4, వరలక్ష్మీ వ్రతం నాటికి 3. సున్నా ఎప్పుడూ కాలేదు. కింద కూర్చోవడం ఇప్పటికీ లేదు, స్టూల్ అలాగే ఉంది. దసరా దాటాక మళ్ళీ కొంచెం పొద్దున బిగుసుకుంటోంది అంటోంది.

మరి పని చేసినట్టే కదా అంటారు. ఇక్కడే నేను నిజాయితీగా ఉండాలి. 2021లో జామా అనే వైద్య పత్రికలో ఆస్ట్రేలియా వాళ్ళు చేసిన ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. మోకాలి అరుగుదల తక్కువ నుంచి మధ్యస్థం దాకా ఉన్న 288 మందిని తీసుకుని, కొందరికి వారానికొకటి చొప్పున మూడు పీఆర్‌పీలు, మిగతావాళ్ళకి ఉత్త సెలైన్, ఎవరికేది వేస్తున్నారో వాళ్ళకి తెలియకుండా వేశారు. ఏడాది తర్వాత పీఆర్‌పీ వాళ్ళకి నొప్పి పదికి 2.1 పాయింట్లు తగ్గింది. సెలైన్ వాళ్ళకి 1.8 తగ్గింది! చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. ఎంఆర్ఐలో గుజ్జు పరిమాణం చూసినా పీఆర్‌పీ వల్ల లాభమేమీ కనపడలేదు. నేను ఆ భాగం రెండుసార్లు చదివాను. అమ్మకి కూడా ఉప్పునీళ్ళు వేసినా ఇంతే తగ్గేదేమో. పైగా ఈ తొమ్మిది నెలల్లో అమ్మ నాలుగు కిలోలు తగ్గింది, తొడ వ్యాయామం ఒక్క రోజు మానలేదు. ఒక కిలో బరువు తగ్గితే నడిచేటప్పుడు ఒక్కో అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందంటారు. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

డాక్టర్ల సంఘాలూ ఒక మాట మీద లేవు. అమెరికాలో కీళ్ళవాత నిపుణుల సంఘం 2019లో మోకాలి అరుగుదలకి పీఆర్‌పీ వద్దని గట్టిగానే చెప్పింది, ఒక్కో చోట ఒక్కోలా తయారు చేస్తున్నారు, లోపలికి ఏం పోతోందో ఒక లెక్క లేదు అన్నది వాళ్ళ ముఖ్యమైన అభ్యంతరం. అదే దేశంలో ఎముకల సర్జన్ల సంఘం 2021లో నొప్పి తగ్గించొచ్చు అంది, కానీ ఆధారం బలం పరిమితం అని కూడా రాసింది. చిన్న చిన్న అధ్యయనాలు కలిపి చూసినవాటిలో కీలులో జారుడు కోసం వేసే జెల్ (హైలురోనిక్ యాసిడ్) ఇంజెక్షన్ కంటే పీఆర్‌పీ కాస్త నయంగా కనపడింది. ఇవన్నీ డాక్టర్ ముందు పెడితే ఆయన దాచలేదు, "అందుకే నేను ఆరు అమ్మను, ఒకటి వేసి చూస్తాను" అన్నారు.

మోకాలికి కాక వేరేవాటికి అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. మా టీమ్‌లో ఒకతను టెన్నిస్ ఎల్బోకి, అంటే మోచేతి బయటివైపు నొప్పికి, వేయించుకున్నాడు, టెన్నిస్ ఆడి కాదు, మౌస్ పట్టుకుని. 2010లో నెదర్లాండ్స్‌లో 100 మంది మీద చేసినదాంట్లో ఏడాది తర్వాత స్టెరాయిడ్ కంటే పీఆర్‌పీ మేలనిపించింది, కానీ 2021లో వైద్య అధ్యయనాల్ని సమీక్షించే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు మొత్తం అధ్యయనాలు కలిపి చూసి పెద్ద ఉపయోగం ఉండకపోవచ్చని రాశారు. మడమ వెనక పిక్క కండని ఎముకకి కలిపే అకిలిస్ టెండన్ నొప్పికి 240 మందిపై చేసినదాంట్లో కూడా లాభం తేలలేదు. జుట్టు సంగతి వేరే. బెంగళూరు నీళ్ళకి ఊడిపోతోందని సగం ఆఫీసు తలకి పీఆర్‌పీ అంటోంది. వంశపారంపర్యంగా పలచబడే జుట్టుకి కొంత ఫలితం ఉంటుంది, నెలకోసారి మూడు నాలుగు సార్లు వేయించి తర్వాత కొనసాగించాలి, ఆపితే మళ్ళీ మొదలు. పూర్తిగా నున్నగా అయిపోయిన చోట మొలవదు.

మాకు ఒక ఇంజెక్షన్‌కి అల్ట్రాసౌండ్‌తో కలిపి 12 వేలు అయింది, అడ్మిషన్ లేదు కాబట్టి ఇన్సూరెన్స్ ఇవ్వలేదు. ఎవరైనా వెళ్తుంటే డబ్బు కట్టే ముందు నోరు విప్పి అడగండి. నా గ్రేడ్ ఎంత, ఎంత రక్తం తీస్తారు, ఎన్నిసార్లు తిప్పుతారు, తెల్లకణాలు ఉంచుతారా తీసేస్తారా, సూది చూసి వేస్తారా, నొప్పి పెరిగితే రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి. వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పేవాళ్ళ దగ్గరే వేయించుకోండి. ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నవాళ్ళు, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు ఆ సంగతి మొదటే చెప్పాలి, మామూలుగా వాళ్ళకి వేయరు. సాక్స్ లాంటి నీక్యాప్ వేసుకుని వచ్చి "ఇక ఏ వ్యాయామం వద్దు, సూది వేసేయండి" అనే పెద్దవాళ్ళని వెయిటింగ్ హాల్లో చాలామందిని చూశాను. పిల్లలు పక్కన ఉంటే దయచేసి వాళ్ళకి నచ్చజెప్పండి.

రెండోది వేయించాలా అని పోయిన వారం మళ్ళీ వెళ్ళాం. పొద్దున బిగుసుకోవడం పది నిమిషాల్లో వదిలిపోతుంటే తొందర లేదు, సంక్రాంతి తర్వాత చూద్దాం అన్నారు. ఫిజియో చేసే అమ్మాయి మాత్రం ఎప్పటి నుంచో ఒకటే పోరు పెడుతోంది, తొక్కుడు మిషన్ మానమని. మానమంటే అమ్మ వినదు. చిక్కపేటలో మోటార్ కొని, మొన్న ఆదివారం హిందూపురం వెళ్ళి మిషన్‌కి బిగించి వచ్చాను. కుడి కాలు బదులు ఎడమ కాలితో నొక్కేలా పెడల్ పక్కకి జరిపించాం. మొదట్లో వేగం అదుపు తప్పి రెండు జాకెట్ ముక్కలు పాడయ్యాయంట. నిన్న ఫోన్ చేసి, ఇప్పుడు కుట్టు తిన్నగా వస్తోంది, వచ్చేటప్పుడు తెల్లదారం ఉండలు నాలుగు తీసుకురా అంది.